జీడి తోటకు ఏ ట్రాక్టరు? హెచ్‌పీ అడిగే ముందు వెయ్యాల్సిన లెక్కలు

ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల నాలుగైదు ఎకరాల తోట ఉన్న ఇళ్లలో ఈ మధ్య తరచూ వినబడే మాట మినీ ట్రాక్టరు. ఎద్దుల జత మేపేవాళ్లు తగ్గిపోయారు. కుర్రాళ్లు విశాఖకో, హైదరాబాదుకో, సూరత్‌కో పనికి పోతున్నారు. జీడి గింజ రాలే ముందు చెట్ల కింద తుప్పలు కొట్టించాలంటే కూలీలు దొరకరు. దొరికినా వాళ్లు వచ్చేసరికి అదను దాటిపోతుంది. కాబట్టి కొనాలన్న ఆలోచనలో తప్పేమీ లేదు. తేడా వచ్చేది కొనే తీరులోనే. షోరూములో కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న 'ఎన్ని హెచ్‌పీ కావాలి?' అని, అంటే ఇంజిన్ బలం ఎంత ఉండాలి అని. నిజానికి అది ఆఖర్న తేలాల్సిన విషయం. ఏ పని, ఏ పనిముట్టు, ఎంత సందు, ఏడాదికి ఎన్ని గంటలు అన్నవి తేలితే హెచ్‌పీ దానంతటదే తేలుతుంది.

గజపతి, రాయగడ జిల్లాల అంచున ఉన్న తెలుగు రైతుల భూమి చాలావరకు ఒకే రకంగా ఉండదు. వంశధార, మహేంద్రతనయ పక్కన కొంత పల్లం, అందులో వరి. దానికి ఎగువన గరువు, అందులో మొక్కజొన్నో, చోడో, గుణుపురం వైపైతే పత్తో. ఇంకా పైకి పోతే కొండవాలులో జీడి, మామిడి. ఈ మూడింటికీ ఒకే ట్రాక్టరు సరిపోవాలని కోరుకుంటారు. మూడూ చేస్తుంది కూడా. కాకపోతే మూడింటినీ ఒకే స్థాయిలో బాగా చేసే బండి లేదు. దేనికోసం కొంటున్నామో ముందే ఒక మాట అనుకుంటే, మిగతా రెండు పనులకు అద్దె బండినే పిలుచుకోవచ్చు.

మార్కెట్‌లో మినీ అని పిలిచేవాటి శ్రేణి పెద్దది. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి 15 హెచ్‌పీ. వీఎస్‌టీ శక్తి ఎంటీ 180డీ 18.5 హెచ్‌పీ. కుబోటా నియోస్టార్ బీ2441, మహీంద్రా జీవో 245 చెరో 24 హెచ్‌పీ, నాలుగు చక్రాలూ లాగేవి. జాన్ డీర్ 3028ఈఎన్ 28 హెచ్‌పీ. 2023 ఆగస్టులో వచ్చిన మహీంద్రా ఓజా శ్రేణి 20 నుంచి 40 హెచ్‌పీ దాకా ఉంది. 15 హెచ్‌పీకీ 28 హెచ్‌పీకీ మధ్య ధరలో తేడా లక్షల్లో ఉంటుంది. పనిలో తేడా మాత్రం తోటను బట్టి మారుతుంది.

వెడల్పు, ఎత్తు

మామూలు 45 హెచ్‌పీ ట్రాక్టరు వెడల్పు దాదాపు 1.7 నుంచి 1.9 మీటర్లు, బరువు రెండు టన్నుల దగ్గర. మినీ వెడల్పు మీటరు నుంచి 1.2 మీటర్లు, బరువు రమారమి 600 నుంచి 900 కిలోలు. జీడి మొక్కలు 7, 8 మీటర్ల ఎడంతో వేస్తారు కదా, పెద్ద ట్రాక్టరే పోతుందనిపిస్తుంది. మొక్క వేసిన మొదటి నాలుగైదేళ్లు పోతుంది కూడా. తర్వాతే తంటా. జీడి చెట్టు నిలువుగా ఎదగదు, పక్కలకు విస్తరిస్తుంది. కత్తిరింపు లేని తోటలో కొమ్మలు నేలను తాకుతుంటాయి. కాబట్టి ఇక్కడ వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం.

చూడాల్సిన మొదటి వస్తువు సైలెన్సర్ గొట్టం. బానెట్ మీద నిటారుగా నిలబడిన గొట్టం ఉంటే జీడి కొమ్మ దానికి తగులుతుంది. కొమ్మ వంగి, గొట్టం దాటగానే స్ప్రింగులా వెనక్కి వచ్చి నడిపేవాడి ముఖానికి కొడుతుంది. పూత మీదుంటే ఆ కొమ్మకు ఆ ఏడు గింజ లేనట్టే. కాబట్టి పొగ గొట్టం పక్కకో కిందికో ఉన్న మోడల్, లేదా అలా మార్చే కిట్ కంపెనీయే ఇచ్చే మోడల్ తోటకు తగింది. రెండోది, బోల్తా పడితే కాపాడే వెనక ఇనుప చట్రం. అది మడిచే రకమై ఉండాలి. చెట్ల కింద మడిచి, బయటికి రాగానే నిలబెట్టుకోవాలి. మడవడానికి వీల్లేని చట్రం ఉంటే చాలామంది విప్పి పాకలో పడేస్తారు, మళ్లీ బిగించరు. వాలు నేలలో అది ప్రాణం మీదికి తెచ్చే పని.

పత్తికి లెక్క వేరు. 90 సెంటీమీటర్ల సాళ్లలో అంతరసేద్యం చేయాలంటే, బండి ఒక వరుసకు రెండు పక్కలా చక్రాలు వేసి నడవాలి, లేదా ఒకే సందులో ఇమడాలి. ఒకే సందులో ఇమిడేంత సన్నటి బండ్లు కొన్నే. వరుస మీదుగా నడిచే బండికి చక్రాల మధ్య దూరం 90 సెంటీమీటర్లకు సర్దుకోవాలి. దానికి తోడు టైరు మొక్కను ఒరుసుకోకూడదు. పైరు మోకాలెత్తు దాటితే బండి కడుపు మొక్కలకు తగులుతుంది. అందుకే పత్తి కోసమే కొనేవాళ్లు టేపు పట్టుకుని పొలంలో సాళ్లు కొలిచి, తర్వాత షోరూముకు పోవాలి. విత్తే ఎడమే బండిని బట్టి మార్చుకోవడం ఇంకా తేలిక.

పనిముట్లు

మినీ ట్రాక్టరుతో పాటు డీలరు దాదాపు ఎప్పుడూ చూపించేది రోటవేటరు. ఒక్కసారి తిప్పగానే మట్టి పిండిలా అవుతుంది, చూడటానికి బాగుంటుంది. మెట్టలో కూరగాయల మడికి, వరి దుక్కికి అది మంచి పనిముట్టే. కొండవాలు జీడి తోటలో మాత్రం రోటవేటరు పెట్టకపోవడమే మేలు. జూన్ రెండోవారం దాటాక ఇక్కడ వాన కుండపోతగా కురుస్తుంది. వేసవిలో పిండి చేసిన పైమట్టి ఆ వానకు కిందికి కొట్టుకుపోతుంది. దానితో పాటు నేల పై పొరలో ఉండే పీచు వేళ్లు తెగుతాయి. కొబ్బరికైతే వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ రెండు మీటర్లలోపే ఉంటాయి, అక్కడ రోటవేటరు బ్లేడు పడకూడదు.

తోటలో కావలసింది కలుపును పీకేది కాదు, కోసి నేలమీద పరిచేది. దాన్నే స్లాషర్ అంటారు, గడ్డిని ఇంకా మెత్తగా ముక్కలు చేసేదైతే మల్చర్. పీటీఓకు, అంటే పనిముట్టును తిప్పే బండి వెనక షాఫ్టుకు, తగిలిస్తే కింద బ్లేడు తిరుగుతుంది. గడ్డి, తుప్పలు నేలకు రెండు మూడు అంగుళాల పైన తెగి అక్కడే పడతాయి. వేరు నేలలోనే ఉండి మట్టిని పట్టుకుంటుంది, కోసిన గడ్డి తేమను ఆపుతుంది. ఫిబ్రవరిలో ఒకసారి స్లాషర్ కొడితే మార్చి నుంచి రాలే గింజ ఏరడానికి నేల కళ్లంలా కనబడుతుంది. 24 హెచ్‌పీ బండికి నాలుగడుగుల స్లాషర్ సరిపోతుంది.

దీనికి పెద్ద శత్రువు రాయి. మహేంద్రగిరి చుట్టుపక్కల కొండ నేలల్లో గడ్డిలో కనబడకుండా గుండ్రాళ్లుంటాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి జిల్లాలోనూ తోటలను పడగొట్టింది. పడిన చెట్లు తీశారు గానీ మోళ్లు చాలాచోట్ల అలాగే మిగిలిపోయాయి. స్లాషర్ బ్లేడు మోడుకు తగిలితే గేరుబాక్సు పగలాలి, లేదా ఏదో ఒకటి ముందే విరగాలి. ఆ విరగాల్సింది షియర్ బోల్టు. దాని పనే విరగడం. విరిగిన బోల్టు స్థానంలో చేతికందిన గట్టి బోల్టు బిగించేస్తే, ఆ తర్వాతి దెబ్బ గేరుబాక్సుకో పీటీఓ షాఫ్టుకో పడుతుంది. పది రూపాయల బోల్టు ఆదా చేసి వేలల్లో బిల్లు కట్టడం ఇక్కడ కొత్త కాదు. సరైన గ్రేడు బోల్టులు నాలుగు టూల్‌బాక్సులో పెట్టుకోవడమే దీనికి మందు. ఇంకోటి, స్లాషర్ విసిరే రాయి చాలా దూరం పోతుంది. అది తిరుగుతుండగా వెనక, పక్కన మనుషులు ఉండకూడదు. కోసిన గడ్డి మోసుకుపోదామని పిల్లలు వెనకే నడవడం మొదట ఆపాల్సిన అలవాటు.

గుంతలు తీసే డ్రిల్లు (ఆగర్) కొనమని కూడా చెబుతారు. కొత్తగా రెండు మూడు వందల మొక్కలు వేసేవాళ్లకు అది అద్దెకు తెచ్చుకోవాల్సిన వస్తువు. కొంటే ఒక సీజను వాడి ఆ తర్వాత పదేళ్లు తుప్పు పట్టించాల్సిందే. జీడికి రెండడుగుల గుంత సిఫార్సు, మినీ బండి తిప్పగల ఆగర్ 12 నుంచి 18 అంగుళాలు. బంకమట్టిలో ఆగర్ గుంత గోడలను అద్దంలా నున్నగా చేస్తుంది, వేరు ఆ గోడ దాటక గుంతలోనే చుట్టుకుంటుంది. మొక్క పెట్టే ముందు గోడలు పారతో గీకాలి. గ్రావెల్ నేలలో ఆగర్ దిగకపోతే మనిషి దానిమీద ఎక్కి బరువు వేయడం అప్పుడప్పుడూ కనిపించే దృశ్యం. లుంగీ అంచు ఒక్కసారి చుట్టుకుంటే విడిపించే వ్యవధి ఉండదు.

అమెరికాలో చిన్న ట్రాక్టరు కొనేవాళ్లు మొదట తగిలించేది ముందు బకెట్ లోడరు. యూట్యూబ్‌లో అది చూసి ఇక్కడా అడిగేవాళ్లున్నారు. అక్కడ మంచు తీయాలి, ఎరువు కుప్పలు ఎత్తాలి, మనిషి కూలీ చాలా ఖరీదు. ఇక్కడ మట్టి ఎత్తే పని ఏడాదికి ఒకటి రెండు రోజులు ఉంటుంది, దానికి జేసీబీ గంటల లెక్కన దొరుకుతుంది. పైగా లోడరు తగిలిస్తే బరువంతా ముందు ఇరుసు మీద పడి, వెనక చక్రాలు తేలిపోకుండా వెనక ఇంకో బరువు కట్టాల్సి వస్తుంది. ఈ ప్రాంతానికి అది దండగ.

మందు కొట్టడానికి ట్యాంకు ఉన్న స్ప్రేయరు కంటే పీటీఓతో నడిచే హెచ్‌టీపీ పంపు (మందును ఒత్తిడితో తోసే పంపు), వంద మీటర్ల పైపు చాలు. జీడికి టీ దోమ, మామిడికి తేనెమంచు పురుగు కొన్ని రోజుల అదనులోనే అదుపు చేయాలి. ఆ సమయంలో బండిని గట్టున ఆపి పైపు లాగితే సరిపోతుంది, చెట్ల మధ్యకు దూర్చక్కర్లేదు. గరువు దుక్కికి అయిదు కర్రుల కల్టివేటరు. రోటవేటరుతో ఏళ్ల తరబడి నాలుగంగుళాలే తిప్పుతూ పోతే కింద గట్టి పొర కడుతుంది, ఏడాదికోసారి కల్టివేటరు దాన్ని పగలగొడుతుంది.

పల్లంలో దమ్ముకు మినీ బండి పనికొస్తుందా అని చాలామందికి అనుమానం. లోతు తక్కువ బురదలో నాలుగు చక్రాల బండి కేజ్ వీల్స్‌తో (బురదకు తగిలించే ఇనుప పంజరం చక్రాలతో) బాగానే తిరుగుతుంది, బరువు తక్కువ కాబట్టి దిగబడదు కూడా. మోకాలి లోతు నల్లమట్టిలో మాత్రం చిన్న చక్రాల మూలంగా కడుపు ఆనుతుంది. అక్కడ పవర్ టిల్లరు లేదా అద్దె పెద్ద బండే నయం.

పీటీఓ, లిఫ్టు

ఇంజిన్ 24 హెచ్‌పీ అంటే పీటీఓ దగ్గర పనిముట్టుకు చేరేది 20 దరిదాపుల్లో. రోటవేటరో స్లాషరో వాడుకునేది ఈ రెండో అంకెనే. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది మొదటిది. డీలరును పీటీఓ హెచ్‌పీ అడిగి రాయించుకోవాలి. హైడ్రాలిక్ లిఫ్టు 750 కిలోలు అని ఉంటుంది, అది పనిముట్టు తగిలించే లింకుల చివర కొలిచిన లెక్క. పనిముట్టు బరువు అక్కడికి ఇంకా వెనక వేలాడుతుంది కాబట్టి నిజంగా ఎత్తేది అంతకంటే తక్కువ. రెండున్నర వందల కిలోల రోటవేటరుకు ఆ లిఫ్టు చాలు. చాలనిది బండి ముందు బరువు. ఎగువకు ఎక్కేటప్పుడు పనిముట్టు పైకెత్తితే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినదు. ముందు బిగించే ఇనుప దిమ్మలు బండితో పాటే ఇమ్మని బేరమాడాల్సిన వస్తువు.

గంటల లెక్క

ఇక డబ్బు. ఇక్కడ వేసేది ఒక నమూనా లెక్క, ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు. ట్రాక్టరు 6 లక్షలు, పనిముట్లు లక్షన్నర, మొత్తం ఏడున్నర లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత రెండుంపావు లక్షలు వస్తుందనుకుంటే ఏడాదికి తరుగు 52,500. సగటు పెట్టుబడి మీద 10 శాతం వడ్డీ 48,750. బీమా, సర్వీసు, పాక కలిపి 20,000. అంటే బండి కదలకపోయినా ఏడాదికి 1,21,250 రూపాయలు. డీజిలు, నడిపే మనిషి కలిపి గంటకు 370 అనుకుందాం.

బయట పెద్ద ట్రాక్టరు రోటవేటరుతో గంటకు 1,200 అద్దె అనుకుంటే, మన బండి ప్రతి గంటకు 830 మిగిలిస్తుంది, 146 గంటలు నడిస్తే ఖర్చు తిరిగొస్తుంది. షోరూములో వేసి చూపించే లెక్క ఇదే. ఇందులో దాచిన మెలిక ఒకటుంది. ఆరడుగుల రోటవేటరుతో పెద్ద బండి గంటకు ఎకరం తిప్పుతుంది. నాలుగడుగులదానితో, తక్కువ వేగంతో, మినీకి అదే ఎకరానికి దాదాపు గంటా ముప్పావు, మలుపులతో కలిపి 1.8 గంటలు పడుతుంది. కాబట్టి గంటకు గంట కాదు, ఎకరానికి ఎకరం చూడాలి. మినీకి ఎకరం ఖర్చు 666, అద్దెకు 1,200, మిగులు 534. ఏడాది ఖర్చు తిరిగి రావాలంటే 227 ఎకరాలు తిప్పాలి, అంటే 400 గంటలకు పైమాటే. అయిదెకరాల ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లు తిప్పినా అది 20 ఎకరాలు.

అంటే పెద్ద బండి పోగలిగే నేలలో, అద్దెకు తిప్పని మినీ ట్రాక్టరు దాదాపు ఎప్పుడూ నష్టమే. అది గెలిచేది పెద్ద బండి పోలేని చోట. అక్కడ పోటీ అద్దె ట్రాక్టరుతో కాదు, కూలీతో. జీడి కింద తుప్పలు, కొబ్బరి వరుసల మధ్య గడ్డి, పత్తి సాళ్లు, ఇంటి చుట్టూ సన్నని డొంకల్లో బరువుల మోత. మన పనిలో ఈ రకం ఎన్ని గంటలుందో రాసుకుంటే కొనాలా వద్దా తేలిపోతుంది. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల తోటలు కలిపితే ఇదే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. తగవులు రాకుండా గంటల పుస్తకం ఒకటి పెట్టుకుంటే చాలు, బండిలో అవర్ మీటరు ఎలాగూ ఉంటుంది.

సరిహద్దు చిక్కులు

జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు వ్యవసాయ ట్రాక్టర్ల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కు దిగింది. ఇది ఒడిశా, ఆంధ్రా రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. కాబట్టి పర్లాకిమిడిలో కంటే పక్కనే ఉన్న పాతపట్నంలో చౌక అన్న మాటకు పన్ను కారణం కాదు, డీలరు డిస్కౌంటు కావచ్చు. సబ్సిడీ సంగతి వేరు. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, మిగతావారికి 40 శాతం, అదీ గరిష్ఠ పరిమితికి లోబడి. కానీ అమలు రాష్ట్రాలవారీగా జరుగుతుంది. ఒడిశాలో భూమి ఉన్న రైతు కృషక్ ఒడిశా (రాష్ట్ర రైతుల జాబితా) నమోదుతో ఒడిశా వైపే దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు బండి కొనేసి తర్వాత సబ్సిడీ అడుగుదామంటే కుదరదు, మంజూరు చేతికొచ్చాకే డబ్బు కట్టాలి.

ఆంధ్రాలో కొని ఒడిశాలో వాడుకునేవాళ్లు తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చి ఇక్కడ పక్కా నంబరు తీసుకోవాలి. గజపతిలో అది ఓడీ-20, రాయగడలో ఓడీ-18. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ లేకుండా డబ్బు ఇవ్వకూడదు. ఏడాది దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తప్పనిసరి. సబ్సిడీ కంటే ముఖ్యమైనది సర్వీసు. దగ్గరలో ఉన్న వర్క్‌షాపులో ఆ మోడల్‌కే ముందు ఇరుసు సీళ్లు, ఫిల్టర్లు, పీటీఓ క్లచ్చి ప్లేటు దొరుకుతాయా అని అడగాలి. అదే కంపెనీ పెద్ద బండి సామాను దీనికి పట్టదు. ఫిబ్రవరిలో పదిహేను రోజులు బండి ఆగితే ఆ ఏడు తోటపనికి అది లేనట్టే.

వాలు, తొట్టి

నాలుగు చక్రాలూ లాగే బండి కొండవాలుకు అవసరమే, కానీ అది బోల్తా పడకుండా ఆపదు. సన్నటి బండికి ఉన్న సుగుణమే ఇక్కడ దాని దోషం. చక్రాల మధ్య ఎడం తక్కువ కాబట్టి తొందరగా పక్కకు ఒరుగుతుంది. వాలుకు అడ్డంగా కాకుండా ఎగువకూ దిగువకూ నడపాలి, తోటలో పనికి అవకాశం ఉన్నంత మేర వెనక చక్రాల ఎడం పెంచుకోవాలి. తారురోడ్డు ఎక్కగానే ఫోర్‌వీల్ గేరు తీసేయాలి. ముందు చక్రాలు కావాలనే కాస్త ఎక్కువ వేగంతో తిరిగేలా తయారుచేస్తారు. మట్టిలో ఆ తేడా జారిపోతుంది, తారు మీద మాత్రం టైర్లను, గేర్లను తింటుంది. టైరు మార్చేటప్పుడు వేరే సైజు వేస్తే ఇదే జరుగుతుంది.

తొట్టిలో (ట్రైలరులో) 80 కిలోల ధాన్యం బస్తాలు 18 వేస్తే దాదాపు టన్నున్నర, చిన్న బండికి అదే ఎక్కువ. తొట్టిని డ్రాబారుకే, అంటే బండి వెనక కిందుండే లాగుడు కడ్డీకే, తగిలించాలి. లాగడం లేదని గొలుసును పై లింకు దగ్గరికి ఎత్తి కడితే ఎగువలో ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. చాలా తొట్లకు బ్రేకులుండవు. ఆర్.ఉదయగిరి వైపు ఘాటీ దిగేటప్పుడు టన్నున్నర బరువు ఎనిమిది వందల కిలోల బండిని వెనకనుంచి నెడుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకుండా, ఎక్కడానికి వేసిన గేరులోనే దిగాలి. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కొక్కెంతో కలిపారో లేదో చూసుకోవాలి. ఆ కొక్కెం వేయకుండా ఒక పెడల్ మీదే కాలు పడితే బండి ఒక పక్కకు గిరుక్కున తిరుగుతుంది, తొట్టి ఇంకో పక్కకు పోతుంది. తొట్టికి విడిగా రిజిస్ట్రేషన్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. కోతల కాలంలో రాత్రిపూట రోడ్డు పక్కన ఆపిన తొట్టి బైకు మీద వచ్చేవాడికి లైటు పడేదాకా కనబడదు.